నాకు సెగ పడదు

నాకు నొప్పి మొదలైంది ఎడమవైపు. ఎడమవైపు ఎక్కడ అని ఇంట్లో అందరూ అడిగారు. నేను ఒకసారి నడుమన్నాను, ఒకసారి తొడన్నాను, ఇంకోసారి మోకాలని కూడా అన్నాను. అసలు చోటు చెప్పడానికి మా ఇంట్లో మాట లేదు. బెంగాలీలో డాక్టర్లు వాడే మాటలున్నాయి, హిందీలో బూతులున్నాయి, తెలుగులో మాత్రం మాకున్నది 'కింద' అనే ఒక్క మాట. ఏ రోగం వచ్చినా అందులోనే సర్దుకోవాలి.

ఇప్పుడు సిగ్గు విడిచి రాస్తున్నాను. నొప్పి ఎడమ బీజంలో. నొప్పి అనడం కూడా ఎక్కువే, బరువు అనాలి. కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఒక బడిలో లెక్కల మాస్టరుని నేను. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఏమీ ఉండేది కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో సంచీలో బంగాళాదుంపలు వేసి అక్కడ వేలాడదీసినట్టుండేది. నిలబడితే లాగేది, పడుకుంటే పోయేది. పడుకుని పాఠం చెప్పడానికి ఏ హెడ్‌మాస్టరూ ఒప్పుకోడు.

అసలే నాది దురుసు నోరు. బళ్ళో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి విసుగంతా తెలుగులో కక్కేసేవాణ్ణి. బోర్డు వైపు తిరిగి తిట్టుకుంటే పిల్లలు నేనేదో సూత్రం చదువుతున్నాననుకునేవాళ్ళు. ఆ ధీమాతోనే ఒకరోజు స్టాఫ్‌రూములో కుర్చీలో కూలబడి, "ఏటిరా బాబూ ఈ నొప్పి, ఎప్పుడు పోతాదో ఏటో" అన్నాను.

"ఎక్కడండీ నొప్పి?" అని వెనకనుంచి తెలుగులో వినబడింది.

తిరిగి చూస్తే కొత్తగా చేరిన జాగ్రఫీ టీచరు. హౌరా పక్క లిలువా అమ్మాయి. వాళ్ళ నాన్న అక్కడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మావాళ్ళలాగే శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్ళు. ఇన్నాళ్ళూ నేను హెడ్‌మాస్టరు మీద విసిరిన తెలుగు మాటలన్నీ ఈవిడ చెవిలో పడుంటాయని తట్టి నాకు చెమటలు పట్టాయి.

"మోకాలండీ," అన్నాను.

"మోకాలు నొప్పయితే అలా పక్కకి ఒరిగి కూర్చుంటారేటి?" అంది. నవ్వలేదు. కళ్ళు మాత్రం నవ్వాయి.

అలా మొదలైంది మా మాట. మొదట తెలుగు కోసం, తరవాత టీ కోసం, ఆ తరవాత ఏ కారణమూ లేకుండా. ఆమె రోజూ "మోకాలెలా ఉంది?" అని అడిగేది. నేను రోజూ "అలాగే ఉంది" అనేవాణ్ణి. నా మోకాలు సంగతి ఆమెకి మొదటిరోజే తెలిసిపోయిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇంట్లో నా బండారం బయటపెట్టింది నాయనమ్మ.

"ఏట్రా, కొంగలాగ ఒంటికాలు మీద నిలబడతన్నావు?" అంది ఒక ఆదివారం.

"కింద నొప్పి నాయనమ్మా."

"కిందంటే?"

"కిందంటే కిందే."

నాయనమ్మ మొహం వెలిగిపోయింది. ఆవిడ పుట్టింది సముద్రం పక్క ఊళ్ళో. అక్కడ వాళ్ళ కాలంలో దోమల పుణ్యమాని కొందరికి కాలు వాచేది, కొందరికి బీజం వాచేది. "వరిబీజం!" అంది, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. "మా తాతకుండీది. గంపలాగుండీది. పంచి కట్టినా దాగీది కాదు."

గంప అన్న మాట విన్నాక నాకు అన్నం సయించలేదు.

వైద్యం ఆ సాయంత్రమే మొదలైంది. ఓడల డాకుల గోడ వెంబడి ఆముదం మొక్కలు ఎవరి పెంపకమూ లేకుండా పెరుగుతాయి. నాయనమ్మ వెళ్ళి లేత ఆకులు కోసుకొచ్చింది. ఆముదం రాసి పెనం మీద వెచ్చచేసింది. రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూట కట్టింది. అవి పట్టుకుని నేను స్నానాలగదిలో దూరి తలుపేసుకునేవాణ్ణి. ఆవిడ బయట నిలబడి, "తగుల్తందా? ఇంకొంచెం కాల్సమంటావా?" అని కేకలేసేది. "వద్దూ!" అని నేను లోపల్నుంచి అరిచేవాణ్ణి. మా అంతస్తులో బెంగాలీ వాళ్ళు, బీహారీ వాళ్ళు, అందరూ వినేవాళ్ళు. మెట్ల మీద ఎదురుపడితే పైయింటి దాదా "కీ మాస్టర్, ఒళ్ళు బాగుందా?" అని ఎంతో మర్యాదగా పలకరించేవాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు. కాపడం పెట్టిన కాసేపూ స్వర్గమే. ఆ వెచ్చదనం తొడల్లోంచి నడుముదాకా పాకి, రోజంతా బిగుసుకుపోయిన ఒళ్ళు వదులయ్యేది. ఒక్కోరోజు అక్కడే కునుకు పట్టేది. చిక్కేమిటంటే, మూట తీసి నిలబడగానే బంగాళాదుంపలు రెట్టింపయ్యేవి. మరి అంత సుఖాన్నిచ్చింది చెడ్డదెలా అవుతుంది? కాపడం చాలలేదేమో అనుకుని ఇంకా పెట్టేవాళ్ళం. దుర్గాపూజ వెళ్ళి చలి మొదలయ్యాక నేనే వెళ్ళి వేడినీళ్ళు పోసుకునే రబ్బరు సంచీ కొనుక్కొచ్చాను. లెక్కల మాస్టరునే, కానీ పెట్టేకొద్దీ పెరుగుతోందన్న చిన్న లెక్క నాకు తట్టలేదు.

"తగ్గిందా మోకాలు?" అంది ఆమె ఒకరోజు.

"తగ్గి, పెరిగింది."

"డాక్టరుకి చూపించుకోండి. మోకాళ్ళక్కూడా డాక్టర్లుంటారు," అని నవ్వింది. అప్పటికి మా పెళ్ళి మాట రెండిళ్ళలోనూ నలుగుతోంది. ఆ నవ్వు చూసి, ఈవిడ దగ్గర నేనింక అబద్ధం ఆడలేనని తెలిసి, నేరుగా డాక్టరు దగ్గరికి పోయాను.

డాక్టరు పెద్దవాడు, నిదానస్తుడు. పరీక్ష చేసి, స్కానింగు చేయించి, వేరికోసీల్ అన్నాడు. కొంతమందికి కాళ్ళలో రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి కదా, మీకవి అక్కడ ఉబ్బాయి, ప్రాణానికేం భయం లేదు అన్నాడు. గంప సంగతి అడిగాను. ఆ జబ్బు వేరు, మీది వేరు అన్నాడు. నాకు సగం నొప్పి అక్కడే పోయింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అన్నాడు.

"శేక్ పెట్టుకున్నాను," అన్నాను. బెంగాలీలో కాపడాన్ని శేక్ అంటారు.

ఆయన కలం కింద పెట్టాడు. "శేక్ ఎకేబారే బొంధో, మాస్టర్‌మొశాయ్." కాపడం పూర్తిగా బంద్. "వేడికి నాళాలు ఇంకా ఉబ్బుతాయి. అసలు భగవంతుడు బీజాల్ని ఒంటి బయట వేలాడదీసిందే చల్లగా ఉండాలని. మీరేమో రోజూ ఉడకబెడుతున్నారు."

బిగుతుగా ఎత్తిపట్టే లోదుస్తులు వేసుకోమన్నాడు. నొప్పెక్కినప్పుడు చల్లటి తడిగుడ్డ పెట్టుకోమన్నాడు. క్లాసుల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చోమన్నాడు. పెళ్ళి అనుకుంటున్నామని చెప్పాను. అయితే పిల్లల విషయం కూడా ఒక పరీక్ష చేయించుకోండి, చాలామందికి ఇబ్బందే ఉండదు, ఉంటే ఆపరేషన్ ఉంది అన్నాడు.

ఇంటికొచ్చి నాయనమ్మకి చెబితే మూతి మూడు వంకర్లు తిప్పింది. "పేరేటన్నాడు?"

"వేరికోసీల్."

"అదే గదరా! వరి అన్నాడు గదా. వరిబీజమే!"

"కాదు నాయనమ్మా. బిగుతుగా ఎత్తి కట్టమన్నాడు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి తొడ చరిచింది. "అంటే గోసీ! ఆ ముక్క తెలుగులో ఏడవొచ్చు గదా. మీ తాత గోసీ కట్టుకునే డాకుల్లో బస్తాలు మోసినాడు." ఆ సాయంత్రమే నాన్న పాత పంచె చింపి నాకు రెండు గోచీలు కుట్టింది. నిజం చెప్పాలంటే, బజార్లో దొరికేవాటికన్నా అవే బాగా పనిచేశాయి.

మర్నాడు బడి అయ్యాక ఆమెకి మొత్తం చెప్పేశాను. "మోకాలు కాదు" అని మొదలుపెడితే, "తెలుసు" అంది. పిల్లల పరీక్ష సంగతి కూడా చెప్పాను, అందులో ఏం తేలుతుందో తెలీదని కూడా. "ఇది మా మామ్మకి కూడా చెప్పండి. మీ నోటితోనే చెప్పండి. మా ఇంట్లో మాట ఆవిడది. ఆవిడ కాదంటే నేను రాను, ఇది ముందే చెబుతున్నాను," అంది. అమ్మానాన్నలిద్దరూ పనుల మీద తిరిగే ఇంట్లో ఆమెని పెంచింది ఆ మామ్మే. కాదంటే రానన్నది బెదిరింపు కాదు, ఉన్నమాట.

ఆదివారం లిలువా వెళ్ళాలి. నాకున్నది ఇంటి తెలుగు. అప్పటికి చదవడం, రాయడం రెండూ రావు. మామ్మకి ఏం చెప్పాలో రెండు రోజులు బట్టీపట్టాను. శేక్‌కి తెలుగు మాట కావాలి. నాయనమ్మ వాడే కాపడం అన్న మాట నాకు ఎప్పుడూ ముసలి మాటలా అనిపించేది. సెగ అన్న మాట తోచింది. పొయ్యి సెగ, ఎండ సెగ అంటాం కదా. శేక్‌కి కూడా దగ్గరగా ఉంది. 'డాక్టరు నాకు సెగ పడదన్నాడు.' చక్కటి వాక్యం. హౌరా దాకా బస్సులో, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో అదే జపించాను.

మంచి చలిరోజు. మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టారు. అటు ఆమె అమ్మానాన్నలు, ఇటు మా అమ్మానాన్నలు, నా పక్కన నాయనమ్మ. మామ్మ సన్నగా, నిటారుగా ఉంది. వంటింట్లోంచి బొగ్గుల కుంపటి తానే మోసుకొచ్చి సరిగ్గా నా కాళ్ళ మధ్య పెట్టింది.

"దగ్గరికి జరుగు నాయినా. సలిగా ఉన్నాది."

ఎర్రటి నిప్పులు. వేడి సూటిగా ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది. నేను కుర్చీలో వెనక్కి జరిగాను. బట్టీపట్టిన వాక్యం గుర్తుచేసుకున్నాను. మొదటి సగం వచ్చింది, రెండో సగం రాలేదు.

"వద్దు మామ్మా. నాకు సెగ," అన్నాను.

"ఏటీ?"

"సెగ. కింద. డాక్టరు కూడా చూశాడు."

అందరూ నా వైపే చూశారు. అంతా శ్రద్ధగా వింటున్నారనుకుని నాకు ధైర్యం వచ్చింది. నాయనమ్మ నా తొడ మీద గిల్లింది. బాగా చెప్పావని మెచ్చుకుంటోందనుకున్నాను.

"ఎన్నాళ్ళబట్టీ?" అంది మామ్మ, చాలా మెల్లగా.

"ఆరు నెలలై ఉంటుంది."

"ఎవలి వల్ల?"

నాకది 'ఎందువల్ల' అని వినబడింది. "బళ్ళోనే మామ్మా. రోజూ అదే పని కదా."

ఆమె నాన్న దగ్గాడు. మామ్మ కళ్ళు మనవరాలి మీదికి తిరిగి మళ్ళీ నా మీదికి వచ్చాయి. "మా గుంటకి తెలుసా?"

"తెలుసు. మొదట తనే గమనించింది," అన్నాను గర్వంగా.

మామ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. టీ వచ్చింది గాని ఎవరూ తాగలేదు. నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని లేపి, "మా గుంటడికి ఒంట్లో బాగోనేదు, ఎల్లొస్తాం" అని బయటికి లాక్కొచ్చింది.

స్టేషన్‌కి నడుస్తూ ఉంటే నాయనమ్మ చెప్పింది, సెగ అంటే పెద్దవాళ్ళ తెలుగులో ఏమిటో. సెగరోగం. వెళ్ళకూడని చోట్లకి వెళ్ళిన మగాళ్ళు తెచ్చుకునేది. "మన ఊర్లో ఆ మాట మొగుడూ పెళ్ళాలు గూడా పైకనరు. నువ్వు నట్టింట కూకోని, బడిలో వచ్చింది, రోజూ అదే పనీ అన్నావు గదరా!" అమ్మ కళ్ళొత్తుకుంటోంది. నాన్న నా మొహం చూడకుండా గబగబా ముందు నడుస్తున్నాడు. భుజాలు కదులుతూంటే ఏడుస్తున్నాడనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద చూద్దును కదా, నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

నాకు నవ్వు రాలేదు. ఫోన్లో ఆమెకి చెబితే ఆమెకీ ఆ అర్థం తెలీదు, ఆమెదీ నాలాంటి కలకత్తా తెలుగే. తెలిసాక పకపకా నవ్వింది. అంతలోనే ఆగిపోయి, "నేను చెప్పి చూస్తాను. కానీ మామ్మ ఆ గదిలోంచి రావడం లేదు. తలుపు దగ్గరికెళితే పొమ్మంటోంది," అంది. నొప్పి గిప్పి అన్నీ మర్చిపోయాను. ఒక్క ముక్క మింగినందుకు ఆ మనిషిని పోగొట్టుకుంటున్నానని తప్ప మరో ఆలోచన లేదు.

ఆ వారంలోనే నా పరీక్ష కాగితం వచ్చింది. అంతా బాగానే ఉందన్నాడు డాక్టరు. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేవాణ్ణే. బడిలో ఆమెకి ఆ సంగతి చెబితే సంతోషించింది గాని, మామ్మ ఇంకా ఎవరి మాటా వినడం లేదంది. తరవాతి శనివారం కబురొచ్చింది. మామ్మ నన్ను ఒక్కణ్ణీ రమ్మంది.

నాయనమ్మ గుమ్మం దాకా వచ్చి, "కాపడం అను. కాపడం. ఇంకే మాటా అనకు. నోరిప్పితే కాపడం!" అని నేర్పి పంపింది.

నేను వెళ్ళేసరికి మామ్మ వెనక వరండాలో ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా పీట చూపించింది. కుంపటి లేదు.

"కాపడం, మామ్మా—" అని మొదలుపెట్టాను.

"ఉండు. ముందు నాను సెప్పింది ఇను," అంది. కాయల మీదనుంచి కళ్ళెత్తకుండానే చెప్పింది.

"ఈ గుంట తాతకి ఉండీది, ఆ రోగం. షాలిమార్ యార్డులో పని. ఎక్కడ తెచ్చుకున్నాడో తెచ్చుకున్నాడు. మందేసుకున్నాడు, దొంగసాటుగా. తగ్గించుకున్నాడు. నాకు సెప్పనేదు. నాకేమో పొత్తికడుపులో పోట్లు. అందరూ వాతమన్నారు. ఇటిక కాల్సి, గుడ్డలో సుట్టి, కడుపు మీదెట్టుకునీదాన్ని. ఎట్టుకున్నంతసేపూ హాయిగుండీది. తీసీసరికి మల్లీ అదే. ఏళ్ళకేళ్ళు అలగే గడిసిపోయింది. ఒక్క కానుపుతో సరి, మల్లీ కడుపు పండనేదు. ముసిలోడయ్యి మంచానపడ్డాక సెప్పినాడు, ఏడ్సుకుంటా." ఒక కాయ తుంచి గిన్నెలో వేసింది. "తెలిసుంటే నానూ మందేసుకుందును గదా, బావూ. మందే గదా. అంతే గదా."

రబ్బరు సంచీ పెట్టుకుని హాయిగా కునుకు తీసిన నాకు, ఆ ఇటుక హాయి ఏమిటో తెలుసు. అది తీశాక ఏమవుతుందో కూడా తెలుసు. నాకు ఆరు నెలలకే ఒక డాక్టరు చెప్పాడు. ఆవిడకి ఒక జీవితకాలం ఎవరూ చెప్పలేదు. పోయిన ఆ మనిషి మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ మాట నాను ఎవలికీ సెప్పనేదు. నువ్వు గుమ్మంలో కాలెట్టీసరికి సెప్పీసావు. అందరి ముందూ. అడక్కండానే. ముందు నాకు ఒళ్ళు జల్లుమంది. తరవాత ఆలోసించినాను. రోగం తగ్గుద్ది. దాసీ బుద్ధి తగ్గదు. నీకా బుద్ధి నేదు." ఇప్పుడు కళ్ళెత్తి చూసింది. "మందు మానకుండా ఏసుకో. సుబ్బరంగా తగ్గాక రా. పిల్లనిస్తాను."

సంతోషం ముంచెత్తింది. వెంటనే ఒక దొంగ ఆలోచన కూడా వచ్చింది. ఇస్తానంది కదా, ఇంక సరిదిద్దడం దేనికి, ఎలాగూ తగ్గిందంటే సరిపోతుంది అని. కానీ ఆవిడ పిల్లనిస్తానంది దాచనివాడికి. ఇది దాచుకుని ఆ పిల్లని ఎలా చేసుకోను?

"మామ్మా, నాకు సెగ లేదు," అన్నాను. "నాకు సెగ పడదు."

"ఏటన్నావూ?"

మొత్తం చెప్పాను. నాళాలు ఉబ్బడం, ఉప్పుమూట, ఆముదపాకు, రబ్బరు సంచీ, కుంపటి, నిలబడి నిలబడి పెరిగిన బరువు, పరీక్ష కాగితం, గోచీతో సహా. మామ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"అంటే సెగ పడదు."

"పడదు."

"మరా పడదు అన్న ముక్క ఏటయిపోయింది?"

"నోట్లోనే ఉండిపోయింది మామ్మా."

"మరి బడిలో అన్నావు!"

"నిలబడి, మామ్మా! పాఠం చెబుతూ, నిలబడి!"

ఆవిడ పెదాలు ముందు వణికాయి. తరవాత గిన్నె పక్కకి నెట్టేసి, గోడకి ఆనుకుని, నోరు తెరిచి నవ్వింది. పైట తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓరి నీ ఇల్లు బంగారం గానూ! వారం దినాలు తిండి తిననిచ్చినావు కాదు గదరా!" అని నా వీపు మీద ఒకటి చరిచింది. తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది, టీ గ్లాసులతో. ఎప్పట్నుంచి ఉందో తెలీదు. నవ్వుతోంది గాని చెంపలు తడిసి ఉన్నాయి. గ్లాసులు నేల మీద పెట్టేసి వచ్చి మామ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. మామ్మ ఆ జుట్టు నిమురుతూ ఇంకా నవ్వుతూనే ఉంది. వంటింటి తలుపు మూసుకోకుండా ఆనించిన నల్లటి ఇటుక అప్పుడు నా కంటబడింది. అదేనా అని నేను అడగలేదు.

పెళ్ళి బైశాఖంలో, లిలువాలోనే. కలకత్తా ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒంటి మీద జరీపంచె, లోపల నాయనమ్మ ప్రత్యేకంగా కుట్టిన కొత్త గోచీ, దానికి కూడా పసుపు పెట్టింది మహాతల్లి. నొప్పి పూర్తిగా పోలేదు, ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడితే పలకరిస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు రబ్బరు సంచీ మా ఆవిడది, నెలకోసారి ఆమె నడుముకి. తడిగుడ్డ నాది. నాకు తెలుగు అక్షరాలు దిద్దించిందీ ఆమే. మళ్ళీ ఏ గుమ్మంలో ఏం వాగుతానోనని భయమట. ఇదంతా తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ ఒక్క మాట చలవే.

పెళ్ళిపీటల మీద మేమిద్దరం కూర్చున్నాం. పంతులుగారు హోమంలో నెయ్యి ధారగా పోశాడు. మంట ఎగిసింది. నేను వెనక్కి జరగబోయి, పెళ్ళికొడుకు జరగకూడదేమో అని ఆగాను. లిలువా, గార్డెన్ రీచ్, షాలిమార్ తెలుగువాళ్ళు, వర్క్‌షాపు వాళ్ళు, కార్పొరేషన్ వాళ్ళు, పందిరి నిండా ఉన్నారు. ముందు వరసలో ముసలమ్మలు, ముసలయ్యలు.

"పంతులుగారో!" అని మామ్మ గొంతు వినబడింది. "ఆ గుండం కాస్త అటు జరపండి. మా వోడికి సెగ పడదు."

ముందు వరస తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. ఒకాయన చేతిలో అక్షింతలు జారిపోయాయి. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళికూతురు తల వంచుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది. మామ్మ మాత్రం విసనకర్ర పట్టుకుని తిన్నగా నడిచొచ్చింది. మొగుడు దాచిన మాటని ఏళ్ళ తరబడి గొంతులో పెట్టుకున్న మనిషి, నా పక్కన చతికిలబడి, నాకూ మంటకీ మధ్య విసనకర్ర అడ్డంపెట్టి, పందిరి చివరిదాకా వినబడేలా మళ్ళీ అంది:

"సెగ. సెగ పడదు. ఏటలా సూస్తారు?"